యంత్రము ఎవరి మాట వినును?



కృత్రిమ మేధను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని మమ్ము కోరితిరి. మేము శాస్త్రజ్ఞులము కాము గనుక మన జిల్లాల సంగతితోనే ఆరంభించెదము.

ఈ యంత్రము తనంతట తాను ఏమియు ఎరుగదు. మనుష్యులు వ్రాసినవి, పలికినవి కోట్లకొలది చూచి నేర్చుకొనును. వ్రాత విస్తారముగా నున్న భాష దానికి బాగుగా వచ్చును. వ్రాత తక్కువైన భాషవారు గుమ్మము బయటనే నిలిచిపోవుదురు. పింఛను సంగతి, మందుల సంగతి రేపు యంత్రమునే అడుగవలసివచ్చిన యెడల, ఉట్నూరు ప్రాంతమున గోండియో కొలామియో తప్ప ఎరుగని అవ్వ ఏమి చేయును?

ఈ ప్రశ్న క్రొత్తది కాదు. 1943లో మార్లవాయిలో హైమెన్‌డార్ఫ్ దొర నైజాం ప్రభుత్వ సహాయముతో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ ఆరంభించి, గోండిలోనే వాచకములు సిద్ధపరచెను. పిల్లల భాష ఎరిగినవారినే పంతుళ్లుగా చేయుట ఆ పనికి బలము.

నార్నూరు మండలము గుంజాలలో దొరికిన వ్రాతప్రతుల గోండి లిపి 2018లో యూనికోడ్‌లో, అనగా లోకములోని కంప్యూటర్లకు ఉమ్మడియైన అక్షరముల పట్టికలో చేరినది. 2025లో కేంద్ర గిరిజన మంత్రిత్వశాఖ విడుదల చేసిన ‘ఆది వాణి’ అనువాద సాధనపు మొదటి నాలుగు భాషలలో గోండి ఒకటి. సంతోషమే. కాని అందులోనిది ఛత్తీస్‌గఢ్ గోండి; మన ఆదిలాబాదు గోండికిని దానికిని భేదము గలదు. కొలామి ఆ నాలుగింటిలో లేదు. అంతెందుకు, “ఏడికి వోతున్నవ్” అను మన కరీంనగరు పలుకునకే పుస్తకపు తెలుగు నేర్చిన యంత్రము తడబడవచ్చును.

కావున మూడు మనవులు. మొదటిది, చదువురానివారు, చూపులేనివారు నోటిమాటతోను, వినికిడి లేనివారు అక్షరములతోను దానిని వాడుకొనగలుగవలెను. రెండవది, సిగ్నలు అందని గూడెములో, తక్కువ వెల ఫోనులో సయితము అది పనిచేయవలెను. మూడవది, ఎవరి మాటలు తీసికొని నేర్చుకొనునో వారి సమ్మతి అడిగి, వారి శ్రమకు కూలి యిచ్చి, తప్పులు దిద్దు అధికారము వారికే యియ్యవలెను. యంత్రము పొరబడినపుడు అడుగుటకు ఒక మనిషి ఉండితీరవలెను.

మన యువజనులలో కంప్యూటరు చదివినవారు అనేకులు గలరు. వారు ఈ సెలవులలో ఒక్క గూడెమునకైనను వెళ్లి, అవ్వ ప్రక్కన కూర్చుండి, ఆమె అడుగగోరునది ఏమో ఆమె భాషలోనే ముందు వినవలెనని కోరుచు సెలవు తీసికొనుచున్నాము.