పత్రికలు, పార్టీలు, మన బాధ్యత
(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠము)



మేము ఉర్దూ మీడియం పాఠశాలలో పంతులుగా పనిచేస్తున్నవారము. ఇరవై ఏండ్లుగా పిల్లలకు ఉర్దూలోనే లెక్కలు, సాంఘికము చెప్పుకుంటూ వస్తున్నాము. తెలుగులో మాట్లాడమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించినప్పుడు కొంచెం జంకినాము. మా మాటలో తప్పులు దొర్లితే పెద్దమనసుతో మన్నించండి. విద్య మీద మాట్లాడమని వారు కోరారు. మేము పత్రికలను గురించి, పార్టీలను గురించి మాట్లాడతామని అడిగి ఒప్పించుకొన్నాము. ఇదీ విద్యకు సంబంధించినదే. ఎట్లాగో మీకే తెలుస్తుంది.

ముందుగా మా తప్పు ఒకటి చెప్పుకోవాలి. అది 2024 ఏప్రిల్ నెల. రంజాన్ పండుగ వెళ్ళి రెండు వారాలయింది. ఎన్నికల వేడి ఊరంతా ఉన్నది. సాయంత్రం హోటల్లో టీ త్రాగుతూ మేమూ, బట్టల కొట్టు నడిపే మా చిన్ననాటి స్నేహితుడూ వాదనకు దిగినాము. ఆయనకు ఒక పార్టీ అంటే ప్రాణము, ఆ పార్టీని మెచ్చుకొనే పత్రికే చదువుతాడు. మాకు ఇంకొక పార్టీ మీద అభిమానము, దాన్ని మెచ్చుకొనే పత్రికే చదువుతాము. "మీ పేపరు అబద్ధాల పుట్ట" అని ఆయన, "మీది కరపత్రము" అని మేము. మాట మీద మాట పెరిగి నాలుగు శాతం రిజర్వేషన్ దగ్గరకు వచ్చింది.

"మావాళ్ళు వస్తే రిజర్వేషన్ కు ఢోకా లేదు, కాపాడతారు" అన్నాడాయన. మేము వెంటనే, "ఏ రిజర్వేషన్ భాయ్? 2010లోనే హైకోర్టు కొట్టేసింది గదా! లేని ఇంటికి కాపలా ఏమిటి?" అన్నాము. చుట్టూ కూర్చున్నవాళ్ళు ఘొల్లుమని నవ్వినారు. ఆయన ముఖం చిన్నబోయింది. టీ డబ్బులు బల్ల మీద పెట్టి లేచిపోయినాడు. మేము గెలిచినామని సంతోషపడినాము.

జూన్ నెలలో ఒక ఆటో డ్రైవరు మా ఇంటికి వచ్చినాడు. ఆయన కూతురు మా పాఠశాలలోనే పదవ తరగతి పాసయింది. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష వ్రాసింది, ర్యాంకు వచ్చింది. కాని కౌన్సెలింగులో సీటు రాలేదు. కాగితాలు చూస్తే బి.సి.-ఇ సర్టిఫికెట్ లేదు. పిల్లను ఓపెన్ క్యాటగిరీలో చూసినారు. "వాళ్ళు షేక్ గదా, సర్టిఫికెట్ ఎందుకు తీసుకోలేదయ్యా?" అని కొంచెం కోపంగానే అడిగినాము. ఆయన తల వంచుకొని అన్నమాట మేము బ్రతికినంతకాలం మరువలేము.

"మీరే గదా సాబ్ హోటల్లో అనింది, లేనే లేదని. సదువుకున్నోళ్ళు మీరే సెప్తే ఇంకేముందిలే, దాని కోసం ఆటో నిలిపి ఆఫీసుల సుట్టూ ఎందుకు తిరగాలని ఊరుకుంటి."

ఆ రోజు ఆయన వెనుక బల్ల దగ్గర కూర్చొని ఉన్నాడట. మేము చూడనే లేదు.

అయ్యా, మేము ఆనాడు చెప్పినది అబద్ధము కాదు. అదే మమ్మల్ని ఎక్కువ బాధపెట్టే సంగతి. ఈ రిజర్వేషన్ కథ మొదటినుంచి వినండి. 2004లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ముస్లింలకు అయిదు శాతం ఇస్తూ ఉత్తర్వు చేసింది. అదే సంవత్సరం హైకోర్టు కొట్టివేసింది. 2005లో మళ్ళీ ప్రయత్నిస్తే మళ్ళీ కొట్టివేసింది. 2007లో వేరే చట్టం చేసి, ముస్లింలలో వెనుకబడిన పద్నాలుగు వర్గాలకు మాత్రమే నాలుగు శాతం ఇచ్చినారు. సయ్యద్, పఠాన్, మొగల్ మొదలైనవారిని అందులో చేర్చలేదు. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు విస్తృత ధర్మాసనం ఆ చట్టాన్నీ కొట్టివేసింది. ఇంతవరకే మేము హోటల్లో చెప్పినది. కాని మరుసటి నెలలోనే, అనగా 2010 మార్చిలో, సుప్రీంకోర్టు తాత్కాలిక ఉత్తర్వు ఇచ్చి నాలుగు శాతం కొనసాగడానికి వీలు కల్పించి, కేసును రాజ్యాంగ ధర్మాసనానికి పంపింది. ఆ ఉత్తర్వు బలంతోనే 2024 అడ్మిషన్లలో గూడ బి.సి.-ఇ అమలు జరిగింది.

చూసినారా? "కోర్టు కొట్టివేసింది" అన్నది నిజము. "అమలులో ఉన్నది" అన్నదీ నిజము. "తుది తీర్పు రాలేదు" అన్నదీ నిజము. మూడూ కలిపి చెబితేనే వార్త. అందులో ఒక ముక్క విరిచి ఎదుటివాని మీద విసిరితే అది రాయి. మాకు మొత్తం కథ తెలుసు. తెలిసీ సగమే చెప్పినాము, ఎందుకంటే ఆ సగం మా వాదనకు పనికివచ్చింది. ఒక పిల్ల కోరుకున్న చదువుతో మా గెలుపుకు ధర కట్టవలసి వచ్చింది. ఆ అమ్మాయి ఇష్టం లేకుండానే ఇంటర్లో చేరింది.

పత్రికలకు పక్షపాతము లేదని మేము చెప్పడం లేదు. ఉన్నది. తెలుగువారికి ఈ సంగతి క్రొత్త కాదు. 1982లో ఎన్.టి. రామారావుగారు తెలుగుదేశం స్థాపించినప్పుడు ఈనాడు పత్రిక ఆ పార్టీకి ఎంత అండగా నిలిచిందో అందరూ ఎరుగుదురు. 2008లో సాక్షి దినపత్రిక వచ్చినప్పుడు అది వై.ఎస్. కుటుంబానిదని గూడ అందరికీ తెలుసు. ఎవరి పత్రిక ఎవరిదో తెలిసి చదవడంలో తప్పు లేదు. తెలిసి గూడ తెలియనట్లు నమ్మడమే తప్పు.

మన మీద జరిగిన అన్యాయమూ ఉన్నది. 2020 మార్చిలో ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్ వ్యవహారం తరువాత కరోనా వ్యాధిని మనమే పంచినట్లు ఎన్ని టి.వి.లలో చెప్పినారో మీరు చూసినారు. కూరగాయల బండివాళ్ళను పేరడిగి వెనక్కి పంపిన రోజులవి. ఆ ఏడాది ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం విదేశీ తబ్లీగీల మీది కేసులను కొట్టివేస్తూ, వారిని బలిపశువులను చేసినట్లున్నదని, వారికి వ్యతిరేకంగా పత్రికలలోనూ టి.వి.లలోనూ పెద్దయెత్తున ప్రచారం జరిగిందని వ్యాఖ్యానించింది. కావున మన ఫిర్యాదు ఊహ కాదు.

అయినప్పటికీ ఒక మాట చెప్పాలి. ఎదుటివారి పత్రికలోని పక్షపాతము మనకు మైలు దూరం నుంచి కనబడుతుంది. మన పత్రికలోనిది ముక్కు క్రింద ఉన్నా కనబడదు. దీన్ని అమెరికాలో పండితులు పరీక్షించి చూసినారు. 1982 సెప్టెంబరులో బీరూట్ లోని సబ్రా, షతీలా శిబిరాలలో పాలస్తీనా శరణార్థులను ఊచకోత కోసిన సంగతి పెద్దలకు జ్ఞాపకం ఉంటుంది. ఆ ఘటన మీద అమెరికా టి.వి.లలో వచ్చిన వార్తలను స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఇజ్రాయిల్ వైపువారికీ, అరబ్బుల వైపువారికీ చూపించినారు. అవే బొమ్మలు, అవే మాటలు. ఇజ్రాయిల్ అభిమానులు అవి ఇజ్రాయిల్ కు వ్యతిరేకమన్నారు. అరబ్బుల అభిమానులు అరబ్బులకు వ్యతిరేకమన్నారు. 1985లో ఈ ఫలితాలను ప్రకటించినారు. మా హోటల్ బల్ల దగ్గర జరిగినది గూడ ఇదే గదా!

మన పెద్దలకు ఈ రోగమూ తెలుసు, మందూ తెలుసు. సూరె హుజురాత్ లో వార్త తెచ్చినవాని మాటను విచారించుకోమని, లేకపోతే తెలియక ఒకరికి హాని చేసి పిమ్మట పశ్చాత్తాపపడవలసి వస్తుందని హెచ్చరిక ఉన్నది. ఈ ఆయత్ ను మేము ఎన్నోమార్లు పిల్లలకు చదివి చెప్పినాము. అర్థమయినది మాత్రం ఆ ఆటో డ్రైవరు ముందు నిలబడినప్పుడే. ముహద్దిసులు ప్రతి రివాయత్ కూ ఎవరు విన్నారు, ఎవరి దగ్గర విన్నారు, అతని జ్ఞాపకశక్తి ఎట్లాంటిది, నిజాయితీ ఎట్లాంటిది అని గొలుసు పట్టుకొని విచారించేవారు. మనవాడా పరాయివాడా అన్నదొక్కటే చూడలేదు. ఖవారిజ్ వర్గానికి చెందిన ఇమ్రాన్ బిన్ హిత్తాన్ రివాయత్ ను గూడ ఇమాం బుఖారీ తన గ్రంథంలో తీసుకొన్నారు. వర్గము వేరు, మాటలో సత్యము వేరు అని దీని భావము.

సొంతవాళ్ళను ప్రశ్నించడం సులభము కాదు. హైదరాబాదులో షోయబుల్లా ఖాన్ అనే యువ సంపాదకుడు ఇమ్రోజ్ అనే ఉర్దూ పత్రిక నడిపేవాడు. రజాకార్ల దౌర్జన్యాన్ని ఖండించి, హైదరాబాదు భారతదేశంలో కలవాలని వ్రాసినాడు. 1948 ఆగస్టులో ఆయనను చంపివేసినారు. ఎదుటివారి తప్పు వ్రాసినందుకు కాదు, మనవాళ్ళమని చెప్పుకొన్నవారి తప్పు వ్రాసినందుకు. అంతటి త్యాగము మన నుంచి ఎవరూ అడగడం లేదు. మనకు నచ్చిన పత్రికను రోజుకొక ప్రశ్న అడిగితే చాలు.

ఇక చేయవలసిన పని. మా తరగతిలో ఇప్పుడు వారానికొక పీరియడు ఇట్లా గడుపుతున్నాము. ఒకే సంగతి మీద ఒక ఉర్దూ పత్రిక, రెండు తెలుగు పత్రికలు ఏమి వ్రాసినవో పిల్లల ముందు పెడతాము. జరిగినదాన్ని చెప్పే మాటల క్రింద నల్లగీత, వ్రాసినవాని అభిప్రాయము చెప్పే మాటల క్రింద ఎర్రగీత గీయమంటాము. "అన్నారు" అంటే నల్లగీత. "మండిపడ్డారు", "ధ్వజమెత్తారు", "ఎద్దేవా చేశారు" అంటే ఎర్రగీత. ఒకనాడు ఒక పిల్లవాడు లేచి, "సార్, మీరు తెచ్చే పేపరుకే ఎర్రగీతలు ఎక్కువొచ్చినాయి" అన్నాడు. తరగతి నవ్వింది. మేమూ నవ్వినాము. ఆ నవ్వు హోటల్లో నవ్వు వంటిది కాదు.

మన సొసైటీకి మా మనవి మూడు విషయాలు. ఒకటి, మన పఠనాలయానికి పరస్పరం పడని రెండు తెలుగు పత్రికలూ, ఒక ఉర్దూ పత్రికా తప్పక తెప్పించాలి. ఒక పత్రిక చందా మేము కడతాము. రెండు, తప్పుడు వార్త వచ్చినప్పుడు టీ కొట్లో తిట్టడం మాని, పద్ధతి ప్రకారం ముందు సంపాదకునికి ఉత్తరం వ్రాయాలి. సమాధానం రాకపోతే 1978 చట్టం క్రింద ఏర్పడిన ప్రెస్ కౌన్సిల్ కు ఫిర్యాదు చేయవచ్చు. దినపత్రిక విషయంలో వార్త వచ్చిన రెండు నెలలలోపు పంపాలి. కౌన్సిలుకు శిక్షించే అధికారము లేదు, మందలించే అధికారము ఉన్నది. టి.వి.లు దాని క్రిందికి రావు. అయినా వ్రాతపూర్వకంగా చేసిన ఒక ఫిర్యాదు వంద అరుపులకంటె మేలు. మూడు, అన్నింటికంటె ముఖ్యమైనది. పఠనాలయం గోడకు ఒక నల్లబల్ల పెట్టాలి. ఏ సర్టిఫికెట్ ఎక్కడ ఇస్తారు, ఏ స్కాలర్‌షిప్ కు ఆఖరు తేదీ ఏది, ఏ రిజర్వేషన్ నేడు ఏ స్థితిలో ఉన్నది అని దాని మీద వ్రాయాలి. విచారించి, సంతకం పెట్టి వ్రాయాలి. ఆ బల్ల వ్రాసే పని మాకు అప్పగించండి. మా అప్పు కొంతైనా తీరుతుంది.

చివరగా మా స్నేహితుని సంగతి. ప్రతి బక్రీదుకూ ఆయన ఇంటి నుంచి మాకు ఖుర్బానీ వాటా వచ్చేది. 2024 జూన్ 17న బక్రీదు, ఆ ఏడు రాలేదు. మూడవనాడు మేమే ఆయన కొట్టుకు పోయి, "భాయ్, ఆనాడు మేము సగమే చెప్పినాము" అని ఒప్పుకొన్నాము. ఆయన కాసేపు గుడ్డ మడతపెడుతూ ఊరుకొన్నాడు. తరువాత, "ఆ మిగతా సగం నాకూ తెలియదు మాస్టరు సాబ్, తెలిస్తే ఆనాడే చెప్పేవాడిని గదా" అన్నాడు. ఇద్దరమూ తలా ఒక పార్టీలోనే ఉన్నాము, వాదించుకొంటూనే ఉన్నాము. కాని ఇప్పుడు ఆయన పత్రిక మేము, మా పత్రిక ఆయన చదివిన తరువాతనే టీ చెబుతున్నాము. వెనుక బల్ల దగ్గర ఎవరు కూర్చున్నారో ఒకసారి తిరిగి చూసుకొంటున్నాము.