లో వోల్టేజిలో మోటారు ఎందుకు కాలుతుంది?

విద్యార్థులారా, ముందు వరసలు పెద్దలకు వదిలేసి మీరంతా వెనక్కి వెళ్లి కూర్చున్నారు గాని, ఇవాళ నేను మాట్లాడేది మీతోనే.

ఎవరి పేరిట ఈ సభ జరుగుతున్నదో ఆ మాస్టారు ఉద్యోగం చేసినన్నాళ్లూ విద్యుత్తు, అయస్కాంతత్వం పాఠాలే చెప్పారు. ఆయన మంచితనం గురించి నాకన్నా ముందు మాట్లాడినవారు చెప్పారు. నేను ఆయన క్లాసులో వేసే ఒక ప్రశ్న దగ్గర మొదలుపెడతాను. వోల్టేజి పడిపోతే మీ ఇంట్లో ఫిలమెంటు బల్బు మసకబారుతుంది. అదే లైను మీద, అదే వేళకు, మీ చేలో మోటారు కాలిపోతుంది. ఎందుకని?

మిరప తోటకు తడి పెట్టే రోజుల్లో మోటారు కాలిపోవడం పల్నాటి వైపూ, మార్కాపురం, యర్రగొండపాలెం ప్రాంతాల్లోనూ వింత కాదు. సాగర్ కుడి కాలువ చివరి భూములకు నీళ్లు ఒక ఏడు అందుతాయి, ఒక ఏడు అందవు. అందని చోట బోరే దిక్కు. లో వోల్టేజిలో మోటారు వేయకూడదని అక్కడి రైతుకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఫిజిక్సు చదివిన కుర్రాణ్ణి అడగండి, తడబడతాడు. ఓమ్ నియమం ప్రకారం వోల్టేజి తగ్గితే కరెంటు తగ్గాలి. కరెంటు తగ్గితే వేడి తగ్గాలి. వేడి తగ్గితే మోటారు చల్లగా ఉండాలి. లెక్క చక్కగా ఉంది, మోటారు మాత్రం కాలిపోయింది.

నియమంలో తప్పేమీ లేదు. దాన్ని పెట్టకూడని చోట పెట్టాం, అంతే. మన పుస్తకాల్లో విద్యుత్ ప్రవాహం ఒక అధ్యాయం, అయస్కాంతత్వం ఇంకో అధ్యాయం, విద్యుదయస్కాంత ప్రేరణ మరొకటి. పరీక్షకు ఒకటి వదిలేసినా రెండోది రాసి గట్టెక్కవచ్చు. మోటారు లోపల ఈ మూడూ ఒకేసారి పనిచేస్తాయి. మాస్టారి ప్రశ్నలోని పట్టంతా అక్కడే ఉంది.

చరిత్ర రెండు ముక్కల్లో చెప్పి ముందుకు పోతాను. కరెంటు పారే తీగ పక్కన దిక్సూచి ముల్లు కదులుతుందని 1820లో కోపెన్‌హేగెన్‌లో అయిర్‌స్టెడ్ చూశాడు. చూసింది కూడా ఒక ఉపన్యాసం మధ్యలోనేనంటారు. ఉపన్యాసాల వల్ల లోకానికి ఒక్కసారైనా మేలు జరిగిందని చెప్పుకోవడానికి మాబోటివాళ్లకు అదొక ఆధారం. కరెంటు నుంచి అయస్కాంతత్వం వస్తే, అయస్కాంతం నుంచి కరెంటు రాదా అని వెతికి వెతికి 1831లో లండన్‌లో ఫారడే పట్టుకున్నాడు. అయస్కాంతం ఊరికే పక్కన ఉంటే చాలదు, తీగచుట్టలో దాని అభివాహం మారుతూ ఉండాలి. అలా పుట్టిన కరెంటు తన పుట్టుకకు కారణమైన మార్పునే అడ్డుకుంటుందని మూడేళ్లకు లెంజ్ చెప్పాడు. మన మోటారు కథంతా ఈ చివరి వాక్యంలోనే ఉంది.

ఇప్పుడు మోటారు విప్పుదాం. బయట స్టేటర్. అందులో మూడు ఫేజుల చుట్టలు. ఒక్కో ఫేజు కరెంటు మిగతావాటికి 120 డిగ్రీల తేడాలో ఎక్కుతూ దిగుతూ ఉంటుంది గనక, మూడూ కలిసి లోపల తిరిగే అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తాయి. మన 50 హెర్ట్‌జ్ సరఫరా మీద రెండు ధ్రువాల మోటారులో ఆ క్షేత్రం నిమిషానికి 3000 సార్లు తిరుగుతుంది. మధ్యలో ఉండే రోటర్‌కు బయట నుంచి ఒక్క తీగ కూడా రాదు. ఇనుప రేకుల పేర్పులో రాగి కడ్డీలో అల్యూమినియం కడ్డీలో ఉంటాయి, వాటి కొసలను రెండు వైపులా కడియంతో కలిపేస్తారు. తిరిగే క్షేత్రం ఆ కడ్డీలను కోసుకుంటూ పోతుంటే వాటిలో కరెంటు పుడుతుంది. ఆ కరెంటు మీద అదే క్షేత్రం బలం చూపిస్తుంది. రోటర్ తిరుగుతుంది. 1888లో టెస్లా పేటెంట్ తీసుకున్న సూత్రం ఇదే. ఇవాళ గుంటూరు కోల్డ్ స్టోరేజీల్లో మిరప టిక్కీలను చల్లగా ఉంచే కంప్రెసర్లూ, జిన్నింగు మిల్లులో పత్తి నుంచి గింజ విడదీసే యంత్రాలూ ఎక్కువగా ఈ రకం మోటార్ల మీదే నడుస్తాయి.

ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించండి. రోటర్ కూడా సరిగ్గా 3000 చుట్లు తిరిగితే ఏమవుతుంది? క్షేత్రానికీ కడ్డీలకూ మధ్య తేడా ఉండదు. తేడా లేకపోతే ప్రేరణ లేదు. ప్రేరణ లేకపోతే కరెంటూ లేదు, బలమూ లేదు. అంచేత రోటర్ ఎప్పుడూ కాస్త వెనకబడే తిరగాలి. 2850 దగ్గర తిరిగితే ఆ 150 తేడానే దాని తిండి. దీన్నే స్లిప్ అంటారు. బరువు పెరిగినకొద్దీ రోటర్ ఇంకా వెనకబడుతుంది, ఎక్కువ కరెంటు పుట్టించుకుంటుంది.

ఇక స్టేటర్ చుట్ట సంగతి. అయిదు హార్స్‌పవర్ మోటారు చుట్ట నిరోధం మల్టీమీటరుతో చూస్తే కొద్ది ఓములే. ఫేజుకు నాలుగు ఓములనుకుందాం. 415 వోల్టుల లైనులో ఒక ఫేజుకు వచ్చేది 240 వోల్టులు. ఓమ్ నియమం ఒక్కటే రాజ్యమేలితే 60 ఆంపియర్లు పారాలి. కాని నడుస్తున్న మోటారు తీసుకునేది ఏడెనిమిది ఆంపియర్లు. మిగతాదాన్ని ఆపిందెవరు? లెంజ్. చుట్టలో అభివాహం క్షణక్షణం మారుతుండడంతో ఆ చుట్టలోనే ఒక ఎదురు విద్యుచ్ఛాలక బలం పుట్టి, లైను వోల్టేజిని దాదాపు సరితూకంగా అడ్డుకుంటుంది. చుట్టను కాపాడుతున్నది దాని నిరోధం కాదు, ఈ ఎదురు బలం.

ఇప్పుడు వోల్టేజి 415 నుంచి 300కు పడిందనుకోండి. క్షేత్రం బలహీనపడుతుంది. మోటారు వేయగలిగే గరిష్ఠ మెలి (టార్క్) వోల్టేజి వర్గాన్ని బట్టి ఉంటుంది గనక అది సుమారు సగానికి దిగుతుంది. కాని బోరులో నీళ్ల లోతు తగ్గలేదు. రెండు వందల అడుగుల కింద నుంచి నీళ్లెత్తే పని అలాగే ఉంది. బలహీనమైన క్షేత్రంతో అదే పని చేయాలంటే రోటర్‌లో ఎక్కువ కరెంటు కావాలి, అందుకోసం అది ఇంకా వెనకబడుతుంది. రోటర్‌లో పెరిగినదానికి తగ్గట్టు స్టేటర్ లైను నుంచి ఎక్కువ లాగుతుంది. లెక్క వేస్తే దాదాపు 1.4 రెట్లు. చుట్టలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి కాబట్టి ఇంచుమించు రెట్టింపు. వోల్టేజి పావు భాగం పైచిలుకు తగ్గితే వేడి రెట్టింపయింది. మోటారు అసలు కదలకపోతే మరీ ఘోరం. కదలని రోటర్ అంటే సెకండరీని షార్ట్ చేసిన ట్రాన్స్‌ఫార్మరే. మామూలు కరెంటుకు ఆరు రెట్లు లాగితే వేడి ముప్ఫై ఆరు రెట్లు. రైతు స్టార్టర్ దగ్గర నిలబడి మూలుగు విని వెంటనే ఆపేస్తే బతికిపోతుంది. ఇంటి దగ్గరుండి ఆటో స్టార్టర్‌ను నమ్ముకుంటే చెప్పలేం.

ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు: మరి సీలింగ్ ఫ్యాను లో వోల్టేజిలో కాలిపోదేం? మంచి ప్రశ్న. ఫ్యానుకు ఎదురయ్యేది గాలి. వేగం సగమైతే గాలి ఇచ్చే అడ్డు నాలుగో వంతుకు పడిపోతుంది. వోల్టేజి తగ్గగానే ఫ్యాను వేగం తగ్గించుకుని బరువు దించేసుకుంటుంది. బోరు మోటారుకు ఆ వెసులుబాటు లేదు. ఎత్తవలసిన లోతు లోతే.

మీ ఊళ్లో వైండింగ్ షాపు ఉంటుంది. ఒకసారి అక్కడికి వెళ్లి కాలిన మోటారు విప్పేటప్పుడు చూడండి. చుట్లు లెక్కబెట్టి, తీగ గేజి చూసి, రాగి తూకం వేసి కొత్త చుట్ట చుట్టే ఆ మేస్త్రి, చుట్ట మసి చూసే కారణం చెప్పేస్తాడు. మూడు ఫేజుల చుట్టలూ ఒకేలా నల్లబడితే ఓవర్‌లోడో లో వోల్టేజో. స్టార్ కనెక్షన్‌లో రెండు ఫేజులు మాడి ఒకటి కొత్తదానిలా మెరుస్తుంటే, ఆ మెరిసే ఫేజుకు కరెంటు అందలేదని. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫీజు పోయి ఉంటుంది, తక్కిన రెండూ బరువంతా మోసి మాడిపోయాయి. డెల్టా అయితే అటుది ఇటు: ఒక ఫేజు మాడుతుంది, రెండు మిగులుతాయి. ఎందుకో కాగితం మీద గీసి చూసుకోండి. ప్రాక్టికల్ పరీక్షలో ఓమ్ నియమం గ్రాఫు గీయించే బదులు ఇలాంటి చుట్ట ఒకటి బల్ల మీద పెట్టి ఏమైందో చెప్పమంటే బాగుంటుందని నా అభిప్రాయం. పెద్దలు మన్నించాలి.

ఇంతవరకు మోటారు. అసలు వోల్టేజి ఎందుకు పడింది? అక్కడ ఓమ్ నియమానికి మళ్లీ చోటుంది. ఒకచోట 100 కెవిఎ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి, దాని నుంచి 415 వోల్టుల తీగలు పొలాల మీదుగా దూరం లాక్కుపోతే, తీగ నిరోధంలో కొంత వోల్టేజి ఖర్చయిపోతుంది. చివరి మోటారుకు మిగిలేది తక్కువ. ఫిలమెంటు బల్బులే ఉన్న లైనయితే ఈ తగ్గుదల తనంతట తానే సర్దుకుంటుంది, ఎందుకంటే వోల్టేజి తగ్గిన బల్బు కరెంటు తక్కువే తీసుకుంటుంది. మోటార్లున్న లైనులో జరిగేది దానికి తలకిందులు. వోల్టేజి తగ్గితే ప్రతి మోటారూ ఎక్కువ లాగుతుంది. ఎక్కువ లాగితే తీగలో నష్టం పెరిగి వోల్టేజి ఇంకా పడుతుంది. దీనికి తోడు త్రీ ఫేజు రాగానే ఆటో స్టార్టర్లన్నీ ఒక్కసారి లేస్తాయి. లేచే మోటారు లాగేది ఆరు రెట్లని ఇందాకే చెప్పుకున్నాం.

దీనికి ఇంజనీర్లు కనిపెట్టిన మందు, 11,000 వోల్టుల లైనునే పొలం దాకా తీసుకుపోయి, అక్కడ రెండు మూడు మోటార్లకు ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెట్టడం. దీన్నే హెచ్‌విడిఎస్ అంటున్నారు. స్తంభం మీద 16 కెవిఎ, 25 కెవిఎ డబ్బాలు మీరు చూసే ఉంటారు. 11,000ను 415తో భాగించండి, ఇరవై ఆరున్నర. అంతే శక్తిని పంపడానికి తీగలో కరెంటు ఇరవై ఆరో వంతు చాలు. అదే తీగలో నష్టం ఏడు వందలో వంతుకు దిగుతుంది. వర్గం ఎంత పని చేస్తుందో చూడండి. మోటారును కాల్చిందీ వర్గమే, లైనును కాపాడిందీ వర్గమే. వోల్టేజికి ఇంత విలువ ఉన్నా మన చర్చ మాత్రం వేరే దారిలో సాగింది. 2004 మే 14న రైతులకు ఉచిత విద్యుత్తు ఫైలు మీద ముఖ్యమంత్రి తొలి సంతకం పడింది. అప్పటినుంచి మన చర్చంతా కరెంటు ధర చుట్టూ, గంటల చుట్టూ తిరుగుతోంది. ఎన్ని వోల్టులు వచ్చాయన్నది దాదాపు ఎవరూ అడగరు. వైండింగ్ ఖర్చు రైతు జేబులోంచి పోయినప్పుడు ఆ ఉచితానికి అర్థమేమిటో అర్థశాస్త్రం వాళ్లు చెప్పాలి.

చివరగా మీకొక పని. 415 వోల్టుల జోలికి మీరు ఒంటరిగా వెళ్లవద్దు. ఫీజు వేయడానికని లైన్‌మన్ రాకముందే ట్రాన్స్‌ఫార్మర్ గద్దె ఎక్కిన రైతుల సంగతి మీ ఊళ్లలోనే విని ఉంటారు. లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌ను పక్కన పెట్టుకుని, ఆయన చేతే క్లాంప్ మీటరు పట్టించండి. తీగను కోయకుండా, తాకకుండా, దాని చుట్టూ ఉన్న అయస్కాంత క్షేత్రాన్ని చూసి కరెంటు చెప్పే పరికరం అది. అయిర్‌స్టెడ్ దిక్సూచి ఇన్నాళ్లకు మీ చేలోకి వచ్చిందన్నమాట. ముందు ఒక ఫేజు తీగకు తగిలించండి, ఆంపియర్లు రాసుకోండి. తెల్లవారుజామున ఒకసారి, అందరూ మోటార్లు వేసిన వేళ ఒకసారి, పక్కనే వోల్టేజి కూడా రాయండి. ఒకటి తగ్గితే రెండోది పెరగడం మీ చేతి రాతలోనే కనబడుతుంది.

తర్వాత మూడు తీగలనూ కలిపి ఒకే క్లాంపులో పెట్టించండి. మీటరు సున్నా చూపిస్తుంది. మూడు తీగల్లోనూ కరెంటు పారుతుండగా సున్నా ఎలా వచ్చిందో మీరే తేల్చండి. ఒకవేళ సున్నా రాకుండా అర ఆంపియరో, ఆంపియరో చూపిస్తే మాత్రం లెక్క పక్కన పెట్టి వెంటనే మోటారు ఆపించండి. ఆ కరెంటు తీగలో తిరిగి రావడం లేదు. కేసింగు గొట్టం గుండానో, తడిసిన నల్లరేగడి గుండానో నేలలోకి పోతోంది, ఆ నేల మీద ఎవరో ఒకరు నిలబడి ఉంటారు.