సున్నా పాయింట్ నాలుగు

పట్టాలు అందుకుంటున్న పిల్లలకు నా అభినందనలు.

రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం 2008లో పుట్టింది. ఊళ్ళలో ఆ పేరు ఎవరూ అనరు, అందరికీ ఇది ట్రిపుల్ ఐటీయే. నూజివీడు, ఇడుపులపాయ, బాసర ప్రాంగణాలు ఒకేసారి మొదలయ్యాయి. రాష్ట్రం విడిపోయాక బాసర తెలంగాణకు వెళ్ళింది, ఇటు ఒంగోలు, శ్రీకాకుళం వచ్చి చేరాయి. తొలి కులపతి రాజ్ రెడ్డి గారు చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, గిండీలో సివిల్ ఇంజనీరింగ్ చదివి, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. పల్లెటూరి పిల్లవాడు ఎంత దూరం వెళ్ళగలడో ఆయనకు ఒకరు చెప్పనక్కర్లేదు.

ఈ బడి గొప్పతనం భవనాల్లో లేదు. పిల్లల్ని ఎక్కడ అందుకోవాలో దీన్ని కట్టినవాళ్ళకు తెలుసు. మన దగ్గర పేదింటి పిల్లల చదువు తెగిపోయేది పదో తరగతి తర్వాతే. ఇంటర్‌కు విజయవాడ పంపాలంటే కాలేజీ ఫీజు, హాస్టల్ ఫీజు, ఆపైన ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష కోచింగ్. కాబట్టి పది పాసవగానే చేర్చుకొని, రెండేళ్ళు పీయూసీ, నాలుగేళ్ళు బీటెక్, మొత్తం ఆరేళ్ళు ఒకే గూటిలో ఉంచారు. చేతికి ల్యాప్‌టాప్ ఇచ్చారు. పదో తరగతిలో గ్రేడు పాయింట్లు ఇచ్చిన కాలంలో ప్రభుత్వ బడి పిల్లల పాయింట్లకు 0.4 కలిపి సీట్లిచ్చారు. దాన్ని దయ అనుకునేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. ట్యూషన్ లేకుండా తెచ్చుకున్న మార్కుకు అది న్యాయమైన లెక్క.

ఇక ఇక్కడ నూజివీడులో మీ చుట్టూ ఉన్న మామిడి తోటల మాట. చిన్నరసం కాయను చిక్కంతో కోసేవాళ్ళు తొడిమ కాస్త ఉంచి కోస్తారు. తొడిమ ఊడితే సొన కారి తొక్క మాడుతుంది, ఆ మచ్చకు మార్కెట్లో ధర పడిపోతుంది. కోతకు మంచి పరికరం కావాలి, కార్బైడ్ అవసరం లేకుండా మగ్గబెట్టే చవకైన గది చిన్న రైతుకూ అందాలి. ఇవి ఇంజనీరు చేయాల్సిన పనులే. హైదరాబాదు, బెంగళూరు వెళ్ళండి, వద్దనను. కానీ మీలో కొందరైనా ఈ పని పట్టుకోవాలని గట్టిగా కోరుతున్నాను.

ఇంకో మాట. ఈ వారం ఇంటికి వెళ్ళినప్పుడు మీరు చదివిన హైస్కూలుకు వెళ్ళండి. పదో తరగతి గదిలో నిలబడి, ఇక్కడ సీటు ఎలా వస్తుందో, దరఖాస్తు ఎలా పెట్టాలో ఆ పిల్లలకు మీ నోటితో చెప్పండి.