తప్పు వేరు, లోటు వేరు, వంక వేరు
(మండల సమాఖ్య వార్షిక మహాజన సభలో ఒక గ్రామ సంఘం నాయకురాలు చేసిన ప్రసంగం)



"సంఘాల నిర్వహణలో లోపాలు" అని నాకు అంశం ఇచ్చినారు. లోపాల చిట్టా పోయినేడు చదివినారు, అంతకు ముందేడూ చదివినారు. అందుకని నేను చిట్టా జోలికి పోకుండా ఆ మాట గురించే మాట్లాడతాను. నేను పదో తరగతి వరకే చదివినాను, పండితురాలిని కాదు. అయినా ఇవి మన నోట్లో దినమూ నలిగే మాటలే కదా.

ముందు మన ఇల్లు చూడండి. గిన్నె కింద పడితే సొట్ట పోయిందంటాం. కారే కుండను ఓటికుండ అంటాం. వంకాయకు పుచ్చు, బట్టకు చిరుగు, గోడకు బీట. అన్నిటికీ కలిపి "బాగలేదు" అని ఒక్క మాట అని ఊరుకోం. పేరు తెలిస్తేనే ఏం చెయ్యాలో తెలుస్తుంది. సొట్టను లోపలి నుంచి కొట్టి తీస్తాం. చిరుగును కుడతాం. పుచ్చు ఉన్నంత వరకు కోసి పారేసి మిగతా కాయ కూరలో వేస్తాం. ఓటికుండను కూడా పారెయ్యం, నీళ్లకు పనికిరాకపోతే గింజలు పోసి పెట్టుకుంటాం.

వస్తువుల దగ్గర ఇంత తెలివిగా ఉండేవాళ్లం, మనుషుల దగ్గరికి వచ్చేసరికి అన్నిటినీ ఒకే గాటన కట్టేస్తాం. ఏది జరిగినా "తప్పు" అంటాం.

తప్పడం అంటే అసలు పక్కకు పోవడం, జారిపోవడం. దారి తప్పుతాం. జాతరలో పిల్ల తప్పిపోతుంది. మన పంచసూత్రాల్లో కూడా "క్రమం తప్పకుండా" అని ఉంది. కోడలు నెల తప్పిందంటే మాత్రం చక్కెర పంచుతాం! (నవ్వులు) అయితే ఒక మనిషి చేసిన పనిని తప్పు అన్నామంటే ఆ మాట బరువు వేరు. చేయకూడదని తెలిసీ చేసిందని అర్థం. దాన్ని ఒప్పుకోవాలి, దిద్దుకోవాలి, అవసరమైతే జరిమానా కట్టాలి.

లోటు అట్లా కాదు. ఉండాల్సినంత లేకపోవడం లోటు. "పెళ్లిలో ఏ లోటూ రానియ్యలేదు" అంటాం. "పెద్దాయన లేని లోటు" అంటాం. అందులో ఎవరి మీదా నింద లేదు. లోటును పూడుస్తారు. వెలితి కూడా అంతే, నింపుతారు.

ఇక లోపం. మా తెలుగు అయ్యవారు వ్యాకరణం చెప్పేటప్పుడు, మాటలో ఒక అక్షరం రాలిపోతే "లోపించింది" అనేవారు. "వచ్చెను"లో "ను" పోతే "వచ్చె" అవుతుంది. మాట చెడిపోలేదు, ఒకటి లేదు, అంతే. అంగన్‌వాడీలో "ఇనుము లోపం" అన్నా అదే అర్థం. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 గ్రాముల కన్నా తగ్గితే రక్తహీనత అంటారు. మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగం మందికి పైనే రక్తహీనత ఉంది. కానీ "నీ కోడలికి లోపం ఉంది" అని నర్సమ్మ అంటే కొందరు అత్తలకు అది వేరేగా వినపడుతుంది. మాత్రలు, ఆకుకూర, గుడ్డు పెట్టాల్సిన చోట మాటలు పెడతారు.

చూపు లోపం, వినికిడి లోపం ఉన్నవాళ్ల సంగతీ ఇదే. 2016 చట్టంలో 21 రకాల వైకల్యాలను గుర్తించినారు, 1995 చట్టంలో ఏడే ఉండేవి. సర్కారు వాళ్లు వికలాంగులు అనే మాట మార్చి దివ్యాంగులు అన్నారు, విభిన్న ప్రతిభావంతులు అన్నారు. మంచిదే. మనం మాత్రం పేరు పెట్టి పిలిస్తే చాలనుకుంటా. మన సంఘాల్లో ఇప్పటికీ "ఆ కుంటామె" అని పిలిచేవాళ్లు ఉన్నారు, ఆమె కట్టే పొదుపు మాత్రం అందరితో సమానం.

వంక దగ్గరికి వస్తాను. మా వైపు వాగును వంక అంటాం, అది వంకర తిరిగి పారుతుంది. నెలవంక కూడా వంకరే, ఎంత అందం! కానీ "వంక పెట్టడం" అని ఇంకోటి ఉంది. లోటు పూడుస్తాం, వెలితి నింపుతాం, తప్పు దిద్దుతాం, లోపం సవరిస్తాం. వంకను మాత్రం పెడతాం. పెట్టేవాళ్ల దగ్గరే ఉంటుంది అది. అప్పు ఎవరికివ్వాలని కూర్చున్నప్పుడు వినండి: "ఆమె కొడుకు తాగుతాడు", "ఆమె మాట దురుసు". పోయినసారి అప్పు కట్టిందా లేదా అన్నది లెక్క. మిగతావి వంకలు.

ఇప్పుడు అసలు సంగతి. ఊరి పేర్లు చెప్పను. ఒక సంఘంలో ఒకామెకు మూడు కంతులు ఆగినాయి. వాన లేక చెనిక్కాయ పంట పోయింది, పెనిమిటి పనికని బెంగళూరు పోయినాడు. మినిట్స్ పుస్తకంలో "సభ్యురాలి తప్పు వల్ల బకాయి ఏర్పడినది" అని రాసినారు. కింద అందరి సంతకాలు, ఆమెది కూడా. ఆమెకు చదువొచ్చు, చదువుకునే పెట్టింది. మరుసటి సమావేశానికి రాలేదు. కొన్నాళ్లు పొదుపు కూతురి చేత పంపింది, తర్వాత అదీ లేదు.

ఇంకో సంఘంలో సభ్యుల దగ్గర వసూలు చేసిన డబ్బు పాస్ పుస్తకాల్లో ఎక్కించకుండా రెండు నెలలు ఒకరి ఇంట్లో ఉండిపోయింది. దానికి రాసింది, "పుస్తక నిర్వహణలో చిన్న లోపం". చూడండక్కా! పంట పోయినామెది తప్పంట, డబ్బు దగ్గర పెట్టుకున్నామెది లోపమంట. బలం లేనివాళ్లకు పెద్ద మాట, బలం ఉన్నవాళ్లకు చిన్న మాట. ఇట్లా రాసిందే పైకి పోతుంది, బ్యాంకు వాళ్లూ అదే చదువుతారు.

"మూడు కంతుల లోటు ఉంది" అని రాసుంటే, తర్వాత వచ్చే ప్రశ్న "ఎట్లా పూడ్చాలి" అని. కంతు చిన్నది చేసి గడువు పెంచడానికి ఆ రోజే మాట్లాడుకునేవాళ్లు. తప్పు అని రాసినాక "ఏం జరిమానా వెయ్యాలి" అనే ప్రశ్నే మిగిలింది.

మేం ముగ్గురం ఆమె ఇంటికి పోయి వచ్చినాం. మంచినీళ్లిచ్చింది, కూర్చోమంది. "డబ్బు కడతా, కొంచెం ఆలస్యమైతాది. పుస్తకంలో ఆ వాక్యం ఉన్నంత వరకు నేను రాను" అని చెప్పింది. సంతకాలు అయిపోయిన పేజీని కొట్టెయ్యడానికి లేదు, సవరణ తీర్మానం రాయాలి. "తప్పు" బదులు "పంట నష్టం వల్ల మూడు కంతుల లోటు" అని రాయాలని వచ్చే నెల సమావేశానికి ఆ సంఘం వాళ్లు అజెండాలో పెట్టుకున్నారు. ఇద్దరు సభ్యులు ఇంకా ఒప్పుకోలేదు. ఆ రోజు నేనూ పోతున్నా, పక్క ఊళ్ల అక్కలు ఎవరైనా వస్తామంటే సభ అయినాక నన్ను కలవండి.