సాఫ్టువేరు వృత్తి: పనిముట్లు, పద్ధతులు
(వార్షిక మహాసభయందు గావించిన యుపన్యాసము)



విద్యాభివృద్ధిని గూర్చి మన సభలలో ఏటేట తీర్మానములు జరుగుచునే యున్నవి. నేడు మన యువతీయువకులు పెక్కుమంది వెబ్, క్లౌడు సాఫ్టువేరు వృత్తిని గోరుచున్నారు. అవకాశములును మిక్కిలి దూరమున లేవు. ఖమ్మమునందు 2020 డిసెంబరులో ఐ.టి. హబ్ ప్రారంభింపబడినది. 2022 నవంబరులో అమెజాన్ వెబ్ సర్వీసెస్ వారు హైదరాబాదున తమ క్లౌడు కేంద్రములను నెలకొల్పిరి. అయినను సర్టిఫికెట్లు సంపాదించుటయందుగల యుత్సాహము పనిముట్లను అలవరచుకొనుటయందు గానరాదు. వృత్తి నిలుచునది అలవాటుమీద గాని కాగితముమీద గాదు. కావున ముఖ్యములైన యైదు పద్ధతులను మనవి చేయుచున్నాము.

మొదటిది మార్పుల లెక్క. లినక్సును సృష్టించిన లైనస్ టోర్వాల్డ్స్ 2005లో 'గిట్' అను సాధనమును రచించెను. ఇది యుచితముగనే లభించును. ప్రోగ్రామును ఎవరు, ఎప్పుడు, ఏ కారణమున మార్చిరో యిది వ్రాసియుంచును. మంచి కరణము పాత యంకెను చెరిపివేయక, కనబడునట్లు కొట్టి, ప్రక్కన క్రొత్తది వ్రాయును గదా! గిట్ ధర్మమును అట్టిదే. పొరపాటు దొరలినచో నిన్నటి ప్రతికి మరలవచ్చును. కాని తాళపుచెవులవంటి పాస్‌వర్డులను అందు వ్రాయరాదు. పిదప తీసివేసినను అవి పూర్వపు ప్రతులలో నిలిచియే యుండును.

రెండవది పరీక్ష. విత్తనములను పొలమంతయు జల్లుటకు ముందు కొన్ని గింజలను తడిగుడ్డలో గట్టి మొలక చూచుట రైతు లెరిగినదే. అట్లే ప్రతి మార్పునకును చిన్న చిన్న పరీక్షలు వ్రాసి, అవి తమంతట తామే నడచునట్లు అమర్చి, నెగ్గిన మార్పునే ప్రజల వాడుకకు విడువవలయును.

మూడవది హెచ్చరిక. భద్రాచలమువద్ద గోదావరి 43 అడుగులు చేరగనే మొదటి హెచ్చరికయు, 48కి రెండవదియు, 53కి మూడవదియు నిత్తురు. సర్వరు విషయమునను ఇదే నీతి. డిస్కు నిండుట, జవాబు ఆలస్యమగుట, క్లౌడు బిల్లు పెరుగుట, వీనికి మెట్లు నిర్ణయించి, ఏ మెట్టున ఎవరేమి చేయవలయునో ముందే వ్రాసియుంచవలయును. చేయవలసినవా రెవరో తెలియని హెచ్చరిక వట్టి కేకయే యగును.

నాల్గవది వేరుచోట దాచిన ప్రతి. 1986లో 75.6 అడుగులును, 2022 జూలైలో 71.3 అడుగులును వచ్చిన వరదలను ఈ తీరమువా రెరుగుదురు. ఒడ్డునగల యింటిలోని పత్రములకు నకలు వ్రాసి ఆ యింటనే మరియొక పెట్టెలో నుంచినచో ఫలమేమి? హైదరాబాదు కేంద్రమునగల సమాచారమునకు ముంబయి కేంద్రమున నొక ప్రతి యుండదగును. అంతియగాక అప్పుడప్పుడు ఆ ప్రతినుండి సర్వమును తిరిగి నిలబెట్టి చూడవలయును. అట్లు చూడని ప్రతిని నమ్మరాదు.

ఐదవది మన పల్లెలకు తగిన నిర్మాణము. చర్ల, దుమ్ముగూడెము అడవులలో సిగ్నలు తెగుచుండును. బ్రౌజరునందలి 'సర్వీస్ వర్కర్' అను సాధనముచే పుటను ఫోనులోనే నిలువచేసి, వ్రాసిన దరఖాస్తును సిగ్నలు వచ్చిన పిమ్మట పంపునట్లు చేయవచ్చును. మరియు యు.టి.ఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరమునకు ఒక బైటు చాలును. తెలుగు లిపిలోని ఒక్కొక్క సంకేతమునకు మూడు బైట్లు పట్టును. ఇంగ్లీషు కొలతతో గది గట్టినచో తెలుగు పేరు నడుమ దెగును. పేరు దెగిన దరఖాస్తు త్రోసివేయబడినచో నష్టపడునది బీదవిద్యార్థియే.

పోషకమహాశయులారా! ఈ సాధనములు చాలవరకు ఉచితములే. కొరతయగునవి చోటును, గురువును. సర్టిఫికెట్ల రుసుములకై యిచ్చు ధనములో కొంత తీసి, మన విద్యార్థివసతిగృహమున నొక గది, నాలుగు కంప్యూటర్లు, మంచి ఇంటర్నెట్టు ఏర్పరుపుడు. ఉద్యోగములందున్న మన సోదరులు వారమున కొక సాయంకాలము పిల్లల ప్రోగ్రాములను పంక్తి పంక్తియు చదివి తప్పొప్పులు చెప్పుదురుగాక. యువతులకును, పొరుగుననున్న కోయ విద్యార్థులకును ఆ గది ద్వారములు తెరచియుండవలయును. మన సంఘపు విద్యార్థివేతనముల పట్టికను నిర్వహించు ప్రోగ్రామే వారి మొదటి పనిగా నుండుగాక. అభ్యాసకాలమున కల్పితనామములతోనే పనిచేసి, పరీక్షలన్నియు నెగ్గిన పిమ్మట నిజమైన పేర్లు చేర్చవలయును. అప్పుడు వారి విద్యయు, సంఘకార్యమును ఒక్కటిగా సాగును.

వచ్చు మహాసభనాటికి ఈ తీర్మానము కార్యరూపము దాల్చుగాక యని ప్రార్థించుచు విరమించుచున్నాము.