ఎస్టిమేట్‌లో శిల్పికి చోటు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

 

మన కొత్త సభాభవనం ప్లాను అందరూ చూశారు. ముఖద్వారం దగ్గర బడిపిల్లల శిల్పం ఒకటి ఉండాలని కొందరు కోరితే, "కట్టడం పూర్తయ్యాక డబ్బు మిగిలితే చూద్దాం" అన్న మాట వచ్చింది. ముప్పై ఏళ్లుగా భవనాలు కట్టిస్తున్నాను. డబ్బు మిగలడం ఎక్కడా చూడలేదు. అందుకే నా ఉద్యోగం సంగతులు పక్కనపెట్టి ఒక శిల్పి గురించి చెబుతాను.

ఢిల్లీ రిజర్వు బ్యాంకు ద్వారానికి చెరో పక్కన యక్షుడు, యక్షిణి నిలబడి ఉంటారు. కుబేరుడి నిధికి కాపలాదారులు కదా, బ్యాంకుకు తగినవాళ్లే! ఆయన పరిశ్రమకు, ఆమె వ్యవసాయానికి గుర్తు. ప్రభుత్వ భవనాల్లో మన కళాకారులకు పని దొరకాలని నెహ్రూ కోరిన రోజులవి. బ్యాంకు తొమ్మిది మందిని నమూనాలు అడిగితే ఐదుగురు పంపారు. యక్షుడికీ యక్షిణికీ శాంతినికేతన్ రామ్‌కింకర్ బైజ్ నమూనాలే నిలిచాయి. యక్షుడికి ఆధారం మథుర మ్యూజియంలోని పార్ఖం యక్షుడు.

అసలు కష్టం రాయి దగ్గర మొదలైంది. 24 అడుగుల బొమ్మలకు సరిపడే ఇసుకరాయి కోసం హిమాలయాల దిగువన కాంగ్రా లోయదాకా వెళ్లారు. ఇసుకరాయి ఘనమీటరు రెండు టన్నుల పైమాటే. దాని బరువు పునాది వేశాక ఆలోచించేది కాదు. గడువు పెరిగింది, ఖర్చు పెరిగింది. యక్షిణికి బట్టలు లేవేమని రాజ్యసభలో ప్రశ్న వేశారు. పదేళ్లు దాటాక, 1967 నాటికి గానీ పని ముగియలేదు. మా శాఖలో అయితే ఎప్పుడో కాంట్రాక్టు రద్దు చేసి పెనాల్టీ వేసేవాళ్లం! బ్యాంకు ఓపిక పట్టింది. ఆ ఓపికే నాకు ఆ శిల్పాలంత గొప్పగా అనిపిస్తుంది.

మన దగ్గర అంత డబ్బు లేదంటారు. నిజమే. అయితే అదే బైజ్ 1938లో శాంతినికేతన్ ఆరుబయట సంథాల్ కుటుంబాన్ని సిమెంటు, ఎర్రకంకర కలిపి చేశాడు. కంచు కాదు, పాలరాయి కాదు, మన మేస్త్రీలు రోజూ కలిపే సరుకే. పనికోసం మూటాముల్లె, పిల్లలు, కుక్కతో ఊరు వదిలి నడిచే కూలీల బొమ్మ అది. ఇప్పటికీ అక్కడే ఉంది.

నేను అడిగేది ఒక్కటే. శిల్పం పద్దు ఎస్టిమేట్‌లో విడిగా, ముందుగా రాయండి. ద్వారం పక్కన దానికి వేరే పునాది వదలండి. మన డ్రాయింగు మాస్టారి శిష్యుల్లో బొమ్మలు చేసేవాళ్లు ఇద్దరు ముగ్గురు ఈ సభలోనే ఉన్నారు. తవ్వకం సంక్రాంతి తర్వాతే కాబట్టి, ఈలోపు వాళ్లను స్ట్రక్చరల్ డ్రాయింగుల ముందు కూర్చోబెడదాం. లెక్కలు నేను చూసుకుంటాను.