వలకు మరమ్మతు – కంటికి పరీక్ష

(విశాఖపట్నము ఫిషింగ్ హార్బరునందు తీరగ్రామముల పంచాయతీ సభ్యుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



ఈ ఉదయము ఈ జెట్టీపై నడచి వచ్చుచుండగా ఒక వృద్ధుడు నేలపై కాళ్ళు చాపి కూర్చుండి, కాలి బొటనవ్రేలికి వలను తగిలించుకొని, చినిగిన చోట్ల అల్లుచుండుట చూచితిని. ప్రక్కనున్న మనుమరాలు వలను వ్రేలితో చూపి, "తాతా! ఇక్కడొక కన్ను ఒగ్గేసినావు" అన్నది. ఆయన నవ్వి, "వల కన్నేమిటమ్మా, నా కన్నే ఆనడం లేదు" అనెను.

వలలోని రంధ్రమునకు మనవారు పెట్టుకొన్న పేరే కన్ను. వల కన్ను తెగినచో ఒక చేప జారిపోవును. దానిని చూచి అల్లవలసిన కన్ను మందగించినచో బ్రతుకుతెరువే జారిపోవును. ఆ వృద్ధుడు నవ్వుచు చెప్పిన మాట మనము నవ్వి ఊరకొనవలసినది కాదు.

మన తూర్పుతీరమున ఏటేట ఏప్రిల్ 15వ తేదీ నుండి జూన్ 14వ తేదీ వరకు, 61 దినములు, మరబోట్లకు వేట నిషేధము. చేపలు గ్రుడ్లు పెట్టి వృద్ధి చెందుటకై ఏర్పడిన విరామమిది. ఆ కాలమున బోటును గట్టున చేర్చి అడుగు గీకింతుము, రంగు వేయింతుము, ఇంజనును విప్పించి చూపింతుము, వలలన్నియు ఆరవేసి బాగు చేసికొందుము. కాని బోటును నడపు సరంగు కన్నులను, వలను అల్లు తాత కన్నులను, చేపలను తూచి లెక్క చూచుకొను తల్లి కన్నులను పరీక్ష చేయించుకొనుట మన పనుల పట్టికలో లేదు. దానిని ఆ పట్టికలో చేర్చుడని కోరుటకే నేడు మీ ముందు నిలిచితిని.

సముద్రము కంటికేమి చేయును?

పొలమున పనిచేయువానికి ఎండ పైనుండియే వచ్చును. కడలిపై పనిచేయువానికి అది పైనుండియు వచ్చును, నీటిపై బడి క్రిందినుండియు తిరిగి వచ్చును. ఎండలో మన కంటికి కనబడని అతినీలలోహిత కిరణములు కలవు. చర్మమును మాడ్చునట్టివే అవి కంటికిని హాని చేయును. దానికి తోడు ఉప్పుగాలి, ఇసుక, ఇంజను పొగ. ఏండ్ల తరబడి ఇట్లు జరుగగా కొందరికి ముక్కు వైపున తెల్లగ్రుడ్డుపై ఒక కండ రెక్కవలె పెరిగి నల్లగ్రుడ్డు మీదికి ప్రాకును. అది కంటిపాప వరకు వచ్చినచో చూపు నడ్డగించును. ఇట్టి కండ వేటకు పోవువారి కన్నులలో తరచుగా కానవచ్చును.

ఇది మన తీరమునకే పరిమితమైన సంగతి కాదు. అమెరికాలోని మేరీలాండు రాష్ట్రమున చీసపీక్ అను అఖాతము కలదు. అందు పీతలు, ఆల్చిప్పలు పట్టి జీవించు 838 మంది జాలరుల కన్నులను వైద్యులు పరీక్షించి, వారు జీవితకాలమున ఎంత ఎండకు గురియైరో లెక్కగట్టి, 1988వ సంవత్సరమున ఫలితములను ప్రకటించిరి. ఎండ సోకిన పరిమాణము రెండింతలైనచో ఒక విధమగు శుక్లము వచ్చు అవకాశము ఒకటిన్నర రెట్లకు పైగా పెరుగునని తేలినది. అంచుగల టోపీ, కళ్ళజోడు ధరించినచో కంటికి చేరు ఆ కిరణములు చాల వరకు తగ్గుననియు తేలినది. దేశము వేరైనను వృత్తి మనదే, ఎండయు మనదే.

కావున వేటకు పోవువాడు తలకు వెడల్పైన అంచుగల టోపీ పెట్టుకొనవలెను. తలపాగా తలను కాపాడును గాని కంటికి నీడ నీయదు. చలువ కళ్ళద్దములు కొనునపుడు అవి అతినీలలోహిత కిరణములను ఆపునవియా కాదా యని అడుగవలెను. అట్టివానిపై యు.వి. 400 అను గుర్తు ఉండును. నలుపు ఎంత ఎక్కువైన అంత రక్షణ యని భ్రమపడరాదు. ఆ గుణము లేని నల్లని అద్దము క్రింద కంటిపాప విప్పారును గాని హానికరమైన కిరణము లాగవు. బోటుపై పగులుటకు వీలులేని ప్లాస్టిక్ అద్దములు మేలు. కళ్ళజోడుకు మెడచుట్టు ఒక త్రాడు కట్టుకొన్నచో అది సముద్రము పాలు కాదు. ఒడ్డుకు వచ్చిన వెంటనే మంచినీటితో కడిగి మెత్తని గుడ్డతో తుడువవలెను. ఉప్పు ఆరిన అద్దమును పొడిగా తుడిచినచో గీతలు పడును.

నలువది దాటిన తరువాత

కంటిలోపల ఒక సహజమైన కటకము కలదు. దగ్గరి వస్తువును చూచునపుడు అది ఉబ్బి, దూరము చూచునపుడు సాగును. వయస్సు 40 దాటుసరికి దాని సాగుడుగుణము తగ్గును. అప్పుడు దగ్గరి చూపు మసకబారును. దీనినే చత్వారమందురు. ఇది రోగము కాదు. జుట్టు నెరియుట వంటిది. దానికి తగిన కళ్ళజోడు పెట్టుకొన్న చాలును.

అయినను అనేకులు కళ్ళజోడు పెట్టుకొనుటను వృద్ధాప్యమునకు గుర్తుగా తలచి సిగ్గుపడుచున్నారు. పెట్టుకొన్నచో చూపు మరింత తగ్గునని మరికొందరి భయము. ఈ రెండును సరికావు. అస్సాము రాష్ట్రమున 40 ఏండ్లు దాటిన 751 మంది తేయాకు కోయువారిపై జరిపిన పరిశోధన ఫలితములు 2018లో వెలువడినవి. వారిలో కొందరికి దగ్గరి చూపు కళ్ళజోళ్ళు ముందుగా ఇచ్చి, తక్కినవారికి పరిశోధన ముగిసిన తరువాత ఇచ్చిరి. కళ్ళజోడు పొందినవారు పొందనివారి కంటె సుమారు 22 శాతము అధికముగా పని చేయగలిగిరి. తేయాకు కోయు చేతికి కన్ను ఎంత అవసరమో వల అల్లు చేతికి అంతకంటె తక్కువ అవసరమా?

సంతలో అమ్ము కళ్ళజోడును పెట్టి చూచుకొని కొనువారున్నారు. దానివలన కన్ను చెడిపోదు. కాని అందు రెండు అద్దములును ఒకే శక్తి కలిగియుండును. మన రెండు కన్నులు తరచుగా ఒకటిగా ఉండవు. అంతకు మించిన చిక్కు వేరొకటి కలదు. అక్షరము కనబడగానే కన్ను బాగున్నదని తలచి వైద్యుని కడకు పోవుట మానివేయుదుము. లోపల దాగిన జబ్బు అట్లే ముదురును.

చప్పుడు చేయని దొంగలు

అట్టి జబ్బులలో మొదటిది నీటికాసులు. కంటిలో ఒత్తిడి పెరిగి చూపునరమును మెల్లమెల్లగా చంపును. తరచుగా నొప్పి ఉండదు, ఎరుపుండదు. ప్రక్కచూపు మొదట పోవును గనుక చాల కాలము తెలియదు. పోయిన చూపు మరల రాదు. ఉన్న చూపును మాత్రము మందులతో నిలుపవచ్చును. తల్లిదండ్రులకు గాని తోబుట్టువులకు గాని ఈ జబ్బున్నవారు మరింత జాగ్రత్త వహింపవలెను. రెండవది మధుమేహము. చక్కెర జబ్బున్నవారు, చూపు బాగుగనే ఉన్నను, సంవత్సరమున కొకసారి కంటిలోపలి తెరను పరీక్ష చేయించుకొనవలెను.

శుక్లము వీనివలె మొండిది కాదు. కంటి కటకము మసకబారుటయే శుక్లము. రాత్రివేళ డాల్ఫిన్ నోస్ కొండపై దీపము చుట్టును వలయములు కనబడినను, ఎదుటి బోటు లాంతరు చెదరి కనబడినను సరంగు ఉపేక్షింపరాదు. అతని చూపుపై బోటులోని వారందరి ప్రాణములు ఆధారపడియున్నవి. శుక్లము పూర్తిగా ముదురవలెననియు, శీతకాలమున మాత్రమే శస్త్రచికిత్స చేయింపవలెననియు పూర్వము ఒక నమ్మకముండెను. నేడట్టి అవసరము లేదు. పనికి అడ్డు వచ్చినప్పుడే ఏ ఋతువునందైనను చేయించుకొనవచ్చును. మసకబారిన కటకమును తొలగించి కృత్రిమ కటకమును అమర్చుదురు. ప్రభుత్వ ఆసుపత్రులలో ఇది ఉచితముగా జరుగుచున్నది.

గాయమైనప్పుడు

కంటిలో నలుసు పడినచో నులుపరాదు. శుభ్రమైన నీటితో కడుగవలెను. గుడ్డకొసతో గాని సూదితో గాని ఇతరులచే తీయింపరాదు. డీజిలు, బ్యాటరీ ఆమ్లము, సున్నము వంటివి పడినచో వెంటనే రెప్పలు తెరచి కనీసము 15 నిమిషములు మంచినీటితో ధారగా కడిగి, పిదప ఆసుపత్రికి పోవలెను. గాలము గాని చేపముల్లు గాని గ్రుచ్చుకొన్నచో దానిని లాగరాదు, కన్ను నొక్కరాదు. పైన ఒక గిన్నె వంటిది కప్పి వెంటనే వైద్యుని చేరవలెను. ఆకుపసరులు, చనుబాలు, తేనె కంటిలో పోయుట మహాపకారము. వానివలన నల్లగ్రుడ్డు పుండుపడి చూపు పోవచ్చును. మిగిలిపోయిన చుక్కలమందును ఇరుగుపొరుగుల నుండి తెచ్చి వేసికొనుటయు అట్టిదే.

ఇక పిల్లల విషయము. పుట్టినది మొదలు మసకగా చూచు పిల్లవానికి లోకమే మసకయని తోచును, అతడు చెప్పడు. నల్లబల్లపై అక్షరములు కానరాని బాలుని మొద్దుయని నిందించి బడి మాన్పించి బోటెక్కించిన తండ్రులు మన యూళ్ళలో లేరా? ఒక కళ్ళజోడు ఆ బాలుని చదువును నిలిపియుండెడిది. తొమ్మిదవ నెల మొదలు ఐదేండ్లు నిండు వరకు ఇచ్చు విటమిన్ ఎ మోతాదులను పసిపిల్లలకు తప్పక ఇప్పింపవలెను. మునగాకు, తోటకూర, బొప్పాయి, గ్రుడ్డు కంటికి మేలు చేయు ఆహారములు. మన యింటి చేపలలో మేలైనవన్నియు అమ్మకమునకే పంపక కొంత పిల్లల విస్తళ్ళలో వేయుడు.

పంచాయతీ చేయదగిన పని

ఈ ఫిషింగ్ హార్బరు పనిచేయ నారంభించినది 1976వ సంవత్సరమున. జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమమును భారతదేశము ప్రారంభించినదియు ఆ సంవత్సరముననే. పూర్వము ఎందరినో అంధులను చేసిన ట్రకోమాను ప్రజారోగ్య సమస్యగా మన దేశము తొలగించినదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో ధ్రువపరచినది. సంకల్పమున్నచో సాధ్యమే యనుట కిది నిదర్శనము.

వైద్యమునకు మనము దూరదేశము పోనక్కరలేదు. ఈ నగరముననే ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి కలదు. డాక్టరు గుళ్ళపల్లి నాగేశ్వరరావుగారు 1987లో హైదరాబాదున స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థవారి ఆసుపత్రి హనుమంతవాక యొద్ద కలదు. కొరతయైనది ఆసుపత్రి కాదు. గ్రామమునుండి ఆసుపత్రికి దారి చూపు చేయి. ఆ చేయి మీరు కావలెను.

రాజ్యాంగము పదునొకండవ షెడ్యూలున పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములలో మత్స్యపరిశ్రమయు ఉన్నది, ఆరోగ్యమును ఉన్నది. ఈ రెండింటిని కలుపు పని నొకదానిని సూచించెదను. వేట నిషేధకాలము నందలి మొదటి పక్షములోనే గ్రామమున ఒక దినమును "కంటి దినము"గా తీర్మానింపుడు. ఆశా కార్యకర్త, ఆరోగ్య కార్యకర్తల సహాయమున 40 ఏండ్లు దాటినవారి పేర్లు, చక్కెర జబ్బున్నవారి పేర్లు, బడి పిల్లల పేర్లు ఒక పుస్తకమున వ్రాయింపుడు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు ముందుగా లేఖ వ్రాసి పరీక్షకులను రప్పింపుడు. పాఠశాల వరండాలో ఆరు మీటర్లు కొలిచి, గోడపై అక్షరముల పటము వ్రేలాడగట్టిన చాలును, పరీక్ష మొదలిడవచ్చును. ఒక్కొక్క కంటిని మూసి రెండవ కంటితో చదివింపవలెను; లేనిచో మంచి కన్ను చెడ్డకంటి లోపమును దాచును.

పరీక్షతోడనే పని ముగియలేదు. ఆసుపత్రికి పొమ్మని వ్రాసిన వారిలో ఎందరు పోయిరి, కళ్ళజోడు వ్రాసిన వారిలో ఎందరికి అది చేరినది యని జూన్ 14వ తేదీకి ముందుగా ఆ పుస్తకము విప్పి చూడుడు. స్త్రీలను మరువకుడు. ఇంటిలో మగవాని చూపు తగ్గిన పని ఆగును గనుక అందరికిని తెలియును. తల్లి చూపు తగ్గినచో ఆమె తడుముకొనుచునే వండును, ఎవరికిని తెలియదు. తోడు వచ్చువారు లేక ఆగిపోయిన వృద్ధురాలికి పంచాయతీయే తోడు కావలెను.

సోదరులారా! జూన్ 15వ తేదీ తెల్లవారుజామున ఈ హార్బరునుండి బోట్లు మరల బయలుదేరును. ఆ దినమున ఒక్కొక్క బోటున డీజిలున్నదా, మంచుగడ్డ ఉన్నదా, వల బాగున్నదా యని అడుగుదురు. ఇకమీదట మరియొక ప్రశ్న గూడ అడుగుడు: "సరంగూ, కన్ను చూపించుకొంటివా?" ఆ ప్రశ్నకు ప్రతి గ్రామమునను "చూపించుకొంటిని" యను జవాబు వచ్చు దినమున, జెట్టీపై నేను చూచిన ఆ తాత వలలో ఒక్క కన్నయినను తప్పిపోదు.